మూడు చోట్ల దాచిన సున్నా

ఆసుపత్రి మూడో అంతస్తులో మెట్లెక్కగానే కుడివైపు చివరి గది. గోడలకూ తలుపు వెనకా బూడిదరంగు స్పాంజి పలకలు అంటించి ఉంటాయి. తలుపు మూస్తే చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టు ఉంటుంది. ఆ గదిలో పనిచేసే ఆవిడను ఆసుపత్రంతా మైకక్క అంటుంది. జీతం కాగితం మీద తప్ప ఆవిడ అసలు పేరు ఎక్కడా కనబడదు, ఆవిడకీ దాని అవసరం పడలేదు.

గొంతులో పుట్టిన రోగానికి గొంతునే తీసేయాల్సివచ్చినవాళ్లు, కోతకు ముందు ఆ గదికి వస్తారు. మైకక్క వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది, రికార్డు చేస్తుంది. ఆ రికార్డింగుతో వేరే ఊళ్లోని ఒక సంస్థ కంప్యూటరు గొంతు తయారుచేస్తుంది. తర్వాత ఆ మనిషి ట్యాబులో మాటలు టైపు చేస్తే, ట్యాబు అతని గొంతుతోనే పలుకుతుంది. నిజం చెప్పాలంటే, అచ్చం అతనిలాగే కాదు, జలుబు చేసిన అతనిలా పలుకుతుంది. అయినా పరాయివాడిలా పలకడం కన్నా జలుబు నయం. దానికి కనీసం గంటసేపటి మాట కావాలి. ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

మైకక్కకు రెండు అలవాట్లు ఉన్నాయి. ఒకటి, సాయంత్రం గది మూసేముందు గోడమీది మెయిన్ స్విచ్చు దించేయడం. చాలా ఏళ్ల కిందట ఒక అడాప్టరు వేడెక్కి స్పాంజికి అంటుకుంది. గోడ మీద ఆ నల్ల మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజునుంచి ఆవిడ స్విచ్చు దించనిదే మెట్లు దిగదు. రెండోది అలవాటు కాదు, జాగ్రత్త. ఒక డాక్టరు తన పెన్ డ్రైవు గుచ్చి వైరస్ అంటించినప్పుడు, ఆవిడ పోరు పెట్టి కంప్యూటరుకు ఒక తాళం వేయించుకుంది. ఆ తాళం గుణం ఏమిటంటే, పగలంతా ఆ మిషన్ మీద ఏం రాసినా, ఏం గీకినా, మళ్లీ ఆన్ చేసేసరికి అన్నీ చెరిగిపోయి, తాళం వేసిన నాటి రూపానికి వచ్చేస్తుంది. "పొద్దున్నే తలంటు పోసుకున్నట్టు లేస్తుంది నా మిషను," అని ఆవిడ మురిసిపోయేది. రికార్డింగులు ఎలాగూ ఆ మిషన్లో ఉండేవి కావు. మాట్లాడుతుండగానే తీగ వెంట కింది అంతస్తులోని పాత సర్వరుకు పోయేవి.

ఆ పాత సర్వరు ముసలిదైంది. ఆసుపత్రివాళ్లు కొత్త నిల్వ తెచ్చారు. తెచ్చినాయన్ను అందరూ డబ్బాల సారు అనేవారు, ఎప్పుడు చూసినా చేతిలో ఓ డిస్కుల డబ్బా ఉండేది కాబట్టి. మంచి మనిషి, ఓపికగా చెప్పేవాడు. కొత్త నిల్వ ఒకే పెట్టె కాదట. నేలమాళిగలో కొన్ని యంత్రాలు, పక్క భవనంలో కొన్ని, ఊరవతల కొన్ని. ఏది ఇచ్చినా ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ మూడేసి నకళ్లు తీసి, తలోచోట పెడుతుంది. ఒక భవనం కూలినా మాట పోదు. అందులో డ్రైవులూ ఫోల్డర్లూ ఉండవు. వస్తువులూ వాటికి తగిలించిన పేర్లూ, అంతే. దాని రీతులన్నీ లినక్స్ యంత్రాల రీతులు. మైకక్క మిషనేమో విండోస్. అందులోని రికార్డింగు ప్రోగ్రాము ఇంకా పాతది. చేసిన కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. ఒక అక్షరం పేరున్న డ్రైవు చూపిస్తే తప్ప అది ఫైలు దాచదు.

"మీ మిషన్ మార్చేస్తే ఏ గొడవా ఉండదు మేడమ్. లినక్స్ పెట్టేస్తాను," అన్నాడు డబ్బాల సారు.

"పెట్టండి సార్. నా ప్రోగ్రాం అందులో నడుస్తుందా?"

"అది నడవదు."

"మరి నన్నేం చేయమంటారు, పేషెంట్లు మాట్లాడుతుంటే డిక్టేషన్ రాసుకోమంటారా?"

ఆయన నవ్వి, మధ్యలో ఒక దుబాసీని పెట్టాడు. అదో చిన్న ప్రోగ్రాము. మైకక్క మిషన్‌కు అది జెడ్ అనే డ్రైవులా కనబడుతుంది. అటు తిరిగి నిల్వతో నిల్వ భాషలో మాట్లాడుతుంది. ఇది పెట్టడానికి ఆయన మిషన్ తాళం తీశాడు, పెట్టాక మళ్లీ వేశాడు.

"సేవ్ అయిందని నాకెలా తెలుస్తుంది సార్?"

"పచ్చ టిక్కు పడుతుంది. పడితే నిశ్చింతగా ఉండండి. మూడు చోట్ల ఉంటుంది."

ఆ టిక్కు దుబాసీది. 'సరుకు అందింది' అని దాని అర్థం. ఎవరికి అందింది? దుబాసీకి. సరుకును ఈ మిషన్లోనే ఒక మూల దాచుకుని, తీరిగ్గా, ముక్కముక్కగా నిల్వకు చేరవేయడం దాని పద్ధతి. చిన్న ఫైలైతే కన్నుమూసి తెరిచేలోగా పోతుంది. పెద్దదైతే, ఆ చివరి గది తీగ వేగానికి, చాలాసేపు పడుతుంది. మిషన్‌కు తాళం ఉందని డబ్బాల సారుకు తెలుసు. కానీ ఆసుపత్రిలో కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయని ఆయన నమ్మకం. సాయంత్రం స్విచ్చు దించేస్తానని మైకక్కకు తెలుసు. కానీ పచ్చ టిక్కు అంటే పని అయిపోయినట్టే అని ఆవిడ నమ్మకం. సగం సగం తెలిసిన ఇద్దరు మంచివాళ్లు కలిస్తే ఎంత నష్టమవుతుందో, ఇద్దరు దుర్మార్గులు కలిసినా అంత కాదు.

ఆ ఏడాదే మైకక్క బావకు గొంతు బొంగురుపోయింది.

బావ అంటే సొంత అక్క మొగుడు. రేవులో చేపల వేలం పాడతాడు. పడవలు రాగానే తట్టల మధ్య చెక్కపెట్టె ఎక్కి నిలబడి, మైకూ గియికూ లేకుండా రేవు ఆ చివరిదాకా వినిపించేలా ధర పాడటం ఆయన పని. మూడు మాటల్లో కొనేవాడి బేరాన్ని పెంచేవాడు, నాలుగో మాటలో అమ్మేవాణ్ణి నవ్వించేవాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చెడ్డది కాబట్టే మీ అక్క నాతో ఊళ్లన్నీ తిరక్కుండా ఇంట్లోనే ఉండిపోయింది," అనేవాడు. ఇంట్లో కూడా ఆయన మాట తగ్గించింది లేదు. ఉప్పు అందివ్వమన్నా వేలంపాటే. అక్క నొసలు చిట్లించేది. కానీ ఆయన ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే, ఇల్లు చెవుడొచ్చినట్టుందని ఆవిడే అనేది.

బొంగురు తగ్గలేదు. తీసిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పాయి. పెద్ద డాక్టరు కోతకు రోజు ఖాయం చేశాడు.

మైకక్క వెళ్లి, గదికి రమ్మంది. బావ ససేమిరా అన్నాడు.

"చచ్చినవాడి ఫొటో గోడకు తగిలించినట్టు, బతికుండగానే నా గొంతుకి దండ వేస్తానంటావా మరదలా?"

"దండ కాదు బావా, విత్తనం దాచుకోవడం లాంటిది. రేపు పంటకి పనికొస్తుంది."

"పెట్టెలోంచి మాట్లాడితే మీ అక్క నన్ను రేడియో అనుకుని కట్టేస్తుంది."

"ఇప్పుడు కట్టేయలేకే కదా ఆవిడ బాధ," అంది మైకక్క. బావ పడీ పడీ నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆగాక కళ్లు తుడుచుకుని, "సరే పద," అన్నాడు. "కానీ ఒక షరతు. నువ్వు రాసిచ్చిన చిలకపలుకులు చదవను. నా ఇష్టం వచ్చింది వాగుతాను."

ఇక్కడ మైకక్క ఒక నిజాయితీ చూపించింది. సొంతవాళ్లని ముందు కూర్చోబెట్టిందన్న మాట పడకూడదని, బావకు ఎప్పుడూ ఆఖరి వంతే ఇచ్చింది. "నీ తర్వాత ఎవరూ లేరు బావా, ఎంతసేపైనా మాట్లాడు," అంది. అది ప్రేమ కూడా. నిజాయితీనీ ప్రేమనూ లోకం తెగ పొగుడుతుంది. ఆ రెండూ కలిసి ఆ మనిషిని సరిగ్గా స్విచ్చు దించే వేళకు తెచ్చి కూర్చోబెట్టాయి.

బావ వచ్చిన ప్రతిసారీ ముందు మైకు సరిచూసుకోవడానికి ఓ ముక్క రికార్డు చేసేది. తర్వాత అసలుది. ఆయన మాట్లాడటం కాదు, ఆ స్పాంజి గదిని రేవు చేసేశాడు. ఇంట్లో ఉన్నవన్నీ వేలానికి పెట్టాడు. కుంటి కుర్చీ అమ్మాడు. అత్తగారి గురకను, 'ఇంజను కొత్తది, ఆయిలు అక్కర్లేదు' అని అమ్మాడు. పెద్ద డాక్టరు బట్టతలను అమ్మబోయి, "వద్దులే, కత్తి ఆయన చేతిలో ఉంది," అని వెనక్కి తీసుకున్నాడు. ఆఖరి రోజు అక్క కోపాన్ని పెట్టాడు.

"రండి బాబూ రండి, అసలు సిసలు కోపం, ఇంట్లో వాడినది, ఎక్కడా చిరుగు లేదు. చలికాలం కుంపటి అక్కర్లేదు. దొంగలు రారు, వచ్చినా ఉండరు. ఎవరూ పాడరేం? సరే, నేనే పాడతాను. నా ప్రాణమంత. ఒకటోసారి. రెండోసారి..." అని ఆగాడు. మైకు వైపు చూశాడు. "మూడోసారి అనను మరదలా. అంటే బేరం ముగిసిపోతుంది. మూడోసారి అనేదాకా సరుకు ఎవరిదీ కాదు, పాట నడుస్తూనే ఉంటుంది. మీ అక్కకి ఇది నేను ఇంటికొచ్చాక వినిపించు. నేనెదురుగా ఉండగా. మొహం చూడాలి."

మైకక్క హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి అప్పటికప్పుడు వినిపించింది కూడా. దుబాసీ మిషన్లో ఓ మూలన దాచినది ఇంకా అక్కడే ఉంది కదా, పలికింది. బావ తల ఊపుతూ విన్నాడు. "నేనే!" అన్నాడు, దొంగను పట్టుకున్నట్టు. పచ్చ టిక్కు పడింది. మైకక్క స్విచ్చు దించింది. ఇద్దరూ మెట్లు దిగారు. ఆయన ఆ మెట్ల మీద ఏదో పాటలాంటిది గొణుగుతూ దిగాడు.

కోత బాగా జరిగింది. అందరూ వచ్చారు, అందరూ ఒకే మాట అన్నారు: "ప్రాణం దక్కింది, అదే పదివేలు." ఈ మాట అన్నవాళ్లలో ఒక్కడు కూడా తన గొంతు ఇచ్చి ఆ పదివేలు పుచ్చుకోడు. బావ మెడ కింద రంధ్రం, దానికి గుడ్డ. ఒళ్లో రాతపలక. వచ్చినవాళ్లకు పలక మీద రాసేవాడు: 'గొంతు బాంకులో ఉంది. వడ్డీతో తెస్తా.' అక్క ఇంట్లో అన్నీ సర్దింది. ట్యాబు పెట్టడానికి గూట్లో చోటు కూడా చేసింది.

కుట్లు మానాక మైకక్క రికార్డింగులు ఆ సంస్థకు పంపింది. మర్నాడే జవాబు: ఫైళ్లలో ఏమీ లేదు, మళ్లీ పంపండి.

జెడ్ డ్రైవులో బావ రికార్డింగుల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఆవిడ ఒకదాన్ని నొక్కింది. ప్రోగ్రాము నోరు తెరవలేదు. ఇంకొకటి నొక్కింది. అప్పుడు, ఇన్ని నెలల్లో మొదటిసారి, పేరు పక్కన ఉన్న పరిమాణం చూసింది. సున్నా. ఆ కింద సున్నా. పేరు పెట్టాలి కాబట్టి దుబాసీ ముందుగా ఖాళీ వస్తువొకటి నిల్వలో పెట్టి, సరుకు వెనక వస్తుందని చెప్పి ఉంచింది. సరుకు రాలేదు. ఆ పేరును మాత్రం నిల్వ ఎంతో నమ్మకంగా దాచింది. మూడు చోట్ల.

డబ్బాల సారు వచ్చాడు. కూర్చుని చాలాసేపు చూశాడు. ఆయన మెడ వెనక చెమట పట్టడం మైకక్క నిలబడి చూసింది.

"సాయంత్రం మిషన్ ఆపేస్తారా మేడమ్?"

"మెయిన్ దించేస్తాను. రోజూ."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "నేను పెట్టిన ప్రోగ్రాం, అటు పంపేదాకా దాచుకున్నదంతా ఈ మిషన్ సి డ్రైవులోనే ఉంటుంది. సి డ్రైవుకి తాళం ఉంది."

మైకక్కకు విడమరచి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే తలంటు పోసుకుని లేచే మిషన్. ఆ తలంటులో ఏం కొట్టుకుపోయిందో ఆవిడకు ఒక్కసారిగా అర్థమైంది.

"అటు కొంచెమైనా వెళ్లి ఉంటుంది కదా సార్? నేను వైర్లు చుట్టి, బ్యాగు సర్దుకునేదాకా..."

"వెళ్లింది. అదే మేడమ్, చాలా ముక్కలే వెళ్లాయి. చిట్టాలో కనబడుతోంది." ఆయన గొంతు తగ్గింది. "చివరి ముక్క వచ్చి, అయిపోయింది అని చెప్తేగానీ నిల్వ వాటిని లెక్కలోకి తీసుకోదు. అప్పటిదాకా పక్కన పెట్టి ఉంచుతుంది. వారం దాటితే చెత్త కింద ఊడ్చేస్తుంది. ఆ నియమం నేనే పెట్టాను. చోటు వృథా అవుతుందని."

మూడోసారి అనేదాకా సరుకు ఎవరిదీ కాదు.

ఆయన మిషన్‌ను విప్పి తీసుకెళ్లాడు, తనకు తెలిసినవన్నీ చేశాడు, తెలిసినవాళ్లందరికీ చూపించాడు. రోజూ చెరిపి రాసిన పలక మీద ఏం దొరుకుతుంది? పొద్దుటి వంతుల్లో వచ్చినవాళ్ల గొంతులు క్షేమంగా ఉన్నాయి. రెండు మాటలు చెప్పి విసుక్కుని వెళ్లిపోయినవాళ్లవి కూడా క్షేమం. ఆఖరి వంతులో కూర్చుని, తీరిగ్గా, మనసు విప్పి మాట్లాడినవాళ్లవే పోయాయి. బావ ఒక్కడే కాదు. ఒక స్కూలు టీచరు ఉంది, మనవడికి కథలు చెప్పి వెళ్లింది. ఆవిడకు కోత అయిపోయింది. ఒక దర్జీ ఉన్నాడు. అతను కోత తర్వాత బతకలేదు. అతని భార్య ఆ రికార్డింగు కోసం ఇంకా రాలేదు.

పెద్ద డాక్టరు అంతా విని, కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "అడిగినవాళ్లకి చెబుదాం. అడగనివాళ్లని ఎందుకు కదిలించడం? బతికారు కదమ్మా. దేవుడు అంత మేలు చేశాక మనం గొంతుల గురించి ఏడవడం అన్యాయం."

"దేవుడు స్విచ్చు దించలేదండీ," అంది మైకక్క. ఆయనకు అర్థం కాలేదు.

ఆదివారం ఆవిడ అక్క ఇంటికి వెళ్లింది. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. కొళాయి మోతలోంచే కేకేసింది: "వచ్చావా? వెళ్లి కూచో. పొద్దుట్నుంచి నీకోసమే చూస్తున్నారు. ఆ మాట్లాడే డబ్బా తెచ్చావా?"

బావ కుర్చీలో ఉన్నాడు. చూడగానే పలక ఎత్తాడు. ముందే రాసి ఉంచుకున్నాడు: 'నా గొంతేదీ దొంగా?'

దార్లో అనుకున్న మాటలేవీ మైకక్కకు గుర్తు రాలేదు. దుబాసీ, తాళం, ముక్కలు, అవేవీ చెప్పలేదు. "పోయింది బావా," అంది. "నావల్ల పోయింది. రోజూ నేను స్విచ్చు దించాను. ఏదీ అక్కడికి చేరలేదు."

బావ నవ్వాడు. శబ్దం లేని నవ్వు, భుజాలే కదిలాయి. ఎంత మోటు వేళాకోళమైనా ఆయనకు కొత్త కాదు, ఇది కూడా అలాంటిదే అనుకున్నాడు. మరదలి ముఖం మారకపోవడం చూసి ఆపేశాడు. పలక తుడిచి రాశాడు: 'కోపం వేలం?'

"అది కూడా."

మళ్లీ తుడిచాడు. ఈసారి తుడవడానికి చాలాసేపు పట్టింది. 'ఏం మిగిలింది?'

మైకక్క ఫోను తీసింది. చిన్నవి కాబట్టి, మైకు సరిచూసిన ముక్కలు మాత్రం స్విచ్చు దించేలోపే నిల్వకు చేరాయి. అన్నింట్లోకీ పెద్దది ఆఖరి రోజుది. అది ఒక ఊపిరి తీసుకున్నంతసేపు కూడా ఉండదు. గొంతు తయారుచేయడానికి ఏ మూలకీ చాలదు. అడిగాడు కాబట్టి నొక్కింది.

దగ్గు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత బావ గొంతు, బొంగురుగా, రేవు మీంచి పిలిచినట్టు గది నిండా:

"ఏమేవ్, వినబడుతోందా?"

ఆ రోజు మైకు ముందు, అక్కను పిలిచినట్టు పిలిచి మరదల్ని ఆటపట్టించాడు.

వంటింట్లో కొళాయి ఆగింది.

"ఆఁ, వినబడుతోంది. చెప్పండి," అంది అక్క.

చెప్పేసి, అప్పుడు గుమ్మంలోకి వచ్చింది. చేతుల్నుంచి సబ్బు నీళ్లు కారుతున్నాయి. ముఖం వెలిగిపోతోంది. కుర్చీలోని మనిషిని చూసింది, చెల్లెలి చేతిలో ఫోను చూసింది.

"ఆయనే! అచ్చం ఆయనే!" అంది. "ఊఁ, తర్వాత?"

బావ పలకను బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాడు. మైకక్క ఫోను వైపే చూస్తోంది.

"తర్వాతేం అన్నారే?" అంది అక్క. "పెట్టు, విందాం."